తప్పిపోని మనిషిని వెతికినవాళ్లు: మిసిసిపీ జాన్ హర్ట్ పాట, బతుకు, రికార్డులు

అమెరికా బ్లూస్ సంగీతం మీద ఏ పుస్తకం తెరిచినా మిసిసిపీ జాన్ హర్ట్ కథ దాదాపు ఒకే తీరుగా వుంటుంది. ఈ నల్లజాతి పాటగాడు 1928లో కొన్ని గ్రామఫోను రికార్డులు ఇచ్చాడు. ఆ తర్వాత మాయమయ్యాడు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే తెల్ల యువకుడు ఆయన్ని ‘కనుగొన్నాడు’. అప్పటికి హర్ట్ ముసలివాడు. మూడేళ్లపాటు పెద్ద పెద్ద సభల్లో పాడి, పేరు తెచ్చుకుని, 1966లో చనిపోయాడు.

వినడానికి బాగానే వుంది. కాని ఈ కథలో ఒక మోసం వుంది. ఆ ముప్ఫై అయిదేళ్లూ హర్ట్ ఎక్కడికీ పోలేదు. మిసిసిపీ రాష్ట్రం కారల్ కౌంటీలో, అవలాన్ అనే చిన్న వూళ్లో, పొలం పని చేసుకుంటూ, పశువులు చూసుకుంటూ, వూరివాళ్లు పిలిస్తే వెళ్లి పాడుతూ వున్నాడు. ఆయన ఇల్లెక్కడో అవలాన్‌లో అడిగితే చెప్పేవాళ్లు. మరి మాయమయ్యింది ఎవరికి? రికార్డులు కొని దాచుకునేవాళ్లకు. కంపెనీకి. చరిత్ర రాసేవాళ్లకు. వాళ్ల కంటికి ఆనకపోతే మనిషి లేనట్టే లెక్క. ఈ లెక్క మనకు బాగా తెలిసిందే గదా!

నల్లజాతి పోరాటం మనకు కొత్త కాదు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ డుబోయ్స్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టినప్పుడు ఆ పేరే అక్కడినుంచి వచ్చింది. నల్ల కవుల కవిత్వం తెలుగులోకి తెచ్చుకుని చదివాం. వాళ్ల కవిత్వం చదివినంతగా వాళ్ల పాట మాత్రం వినలేదు. విన్నా, అందులో కోపం ఎక్కడుంది, ఏడుపు ఎక్కడుంది అని వెతుక్కుంటూ విన్నాం. జాన్ హర్ట్ పాటలో ఈ రెండూ పైకి కనపడవు. గొంతు ఎత్తడు. పళ్లు కొరకడు. పక్కింటాయన అరుగు మీద కూచుని మాట్లాడినట్టు పాడతాడు. ఈ మెత్తదనాన్ని ఏమని అర్థం చేసుకోవాలి? ఈ వ్యాసం అసలు ప్రశ్న ఇది. దీనికి జవాబు కావాలంటే ముందు ఆయన వూరి గురించి తెలియాలి.

పుట్టిన నేల

హర్ట్ కారల్ కౌంటీలోని టియోక్‌లో పుట్టాడు. 1892 అని కొందరు, 1893 అని కొందరు రాస్తారు. పెరిగింది అవలాన్‌లో. పత్తి పండే డెల్టా మైదానం ఒకవైపు, గుట్టలు ఇంకోవైపు. నల్లవాళ్లు భూస్వామి నేలలో పాలుకు సేద్యం చేసేవాళ్లు. విత్తనం అప్పు, తిండి అప్పు, ఏడాది చివర లెక్క చూసేది దొర. ఆ లెక్కలో ఎవరు మిగిలేవాళ్లో ఎవరు మునిగేవాళ్లో చెప్పనక్కర్లేదు.

ఆయన పుట్టడానికి కొన్నేళ్ల ముందు, 1886 మార్చి 17న, అదే కౌంటీలోని కారల్టన్ కోర్టు హాల్లోకి ఒక తెల్లమూక తుపాకులతో జొరబడింది. కనీసం 20 మంది నల్లవాళ్లను కాల్చి చంపింది. ఒక తెల్లవాడి మీద నల్లవాళ్లు కేసు పెట్టడమే అక్కడ జరిగిన నేరం. న్యాయం అడగడానికి వచ్చినవాళ్లను న్యాయస్థానంలోనే చంపారు. ఒక్కరికీ శిక్ష పడలేదు. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం రాసుకుని, నల్లవాళ్లకు వోటు లేకుండా దారులన్నీ మూసింది. కారంచేడు (1985), చుండూరు (1991) చూసిన మనకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇలాంటి నేల మీద పెరిగే నల్ల పిల్లవాడికి మొదట నేర్పే విద్య ఏమిటి? ఎవరి ముందు ఎంత గొంతుతో మాట్లాడాలో నేర్పుతారు. హర్ట్ గొంతు వినేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

ఆయన బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. తొమ్మిదేళ్ల ప్రాయంలో గిటారు పట్టాడు. వాళ్లమ్మ కొనిపెట్టింది. నేర్పిన గురువు లేడు. సొంతంగా కట్టుకున్న పద్ధతి అది. కుడిచేతి బొటనవేలు కింది స్వరాల తీగల మీద అటూ ఇటూ ఆగకుండా నడుస్తుంది. మిగతా వేళ్లు పై తీగల మీద పాట వరస పలికిస్తాయి. తాళం ఒకరు, వరస ఒకరు, ఇద్దరు మనుషులు వాయిస్తున్నట్టు వుంటుంది. డాన్సుకు ఇంకో వాయిద్యం అక్కర్లేదు. మేళం పెట్టుకునే తాహతు లేని వూళ్లో ఒక్క మనిషే మేళం కావాల్సి వచ్చింది.

బ్లూస్ గాయకుడు అన్న పేరు కూడా ఆయనకు పూర్తిగా సరిపోదు. పత్తి చేలలో, రైలు పట్టాల మీద, జైళ్లలో చాకిరీ చేసిన నల్లవాళ్ల మధ్య రూపుకట్టిన పాట బ్లూస్. హర్ట్ అది పాడాడు. దాంతోపాటు కథాగీతాలు పాడాడు. చర్చి పాటలు పాడాడు. చాటుమాటు సరసం పాటలూ పాడాడు. శనివారం రాత్రికి ఏం కావాలో, ఆదివారం పొద్దున ఏం కావాలో రెండూ ఆయన దగ్గర వుండేవి. ‘బ్లూస్’ అనే చీటీ తర్వాత కంపెనీ అంటించింది.

ఒకే పాట, రెండు కేటలాగులు

1920లో ఓకే అనే కంపెనీ మేమీ స్మిత్ అనే నల్ల గాయని పాటను ప్లేటు మీదికి ఎక్కించింది. అది బాగా అమ్ముడుపోయింది. నల్లవాళ్లు కూడా డబ్బు పెట్టి పాట కొంటారని అప్పటికి గాని కంపెనీలకు తట్టలేదు. వెంటనే నల్లవాళ్లకు విడిగా ఒక వరస పెట్టారు. దానికి ‘రేస్ రికార్డులు’ అని పేరు. దక్షిణాది తెల్ల పల్లెవాళ్ల పాటలకు ఇంకో వరస. దానికి ‘ఓల్డ్ టైమ్’ పాటలని పేరు. నంబర్లు వేరు, కేటలాగులు వేరు, ప్రకటనలు వేరు.

హర్ట్ ఉన్న ప్రాంతంలోనే విల్లీ నార్మర్ అనే తెల్ల ఫిడేలు వాద్యగాడు వుండేవాడు. డాన్సులకు ఆయన పక్కన హర్ట్ అప్పుడప్పుడు గిటారు వాయించేవాడు. ఫిడేలు పోటీలో గెలిచి నార్మర్‌కు ఓకే కంపెనీలో రికార్డు చేసే అవకాశం వచ్చింది. కంపెనీ మనిషి టామీ రాక్‌వెల్‌కు హర్ట్ పేరు చెప్పింది నార్మరే. మంచిపనే చేశాడు. కాని గమనించాల్సింది, ఒక నల్ల పాటగాడి విద్య కంపెనీ గుమ్మం దాకా పోవాలంటే తెల్ల పొరుగువాడి సిఫారసు దారిన పోవాల్సి వచ్చింది.

1928 ఫిబ్రవరిలో మెంఫిస్‌లో హర్ట్ చేత ఎనిమిది పాటలు పాడించారు. బయటికి వచ్చింది రెండే. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్ పిలిచారు. దారి ఖర్చులు, కంపెనీ ఒప్పుకున్న ఒక్కో పాటకు 20 డాలర్లు. అక్కడ మరి పన్నెండు పాటలు పాడాడు. రెండు విడతల్లో కలిపి ఇరవై. అందులో సగానికి కొంచెం పైగా మాత్రమే ప్లేట్లుగా అచ్చయ్యాయి. పేరు ముందు ‘మిసిసిపీ’ అని తగిలించింది కంపెనీయే. అమ్మకానికి పనికొస్తుందని.

1929లో నార్మర్, ఆయన జోడీ షెల్ స్మిత్ ‘కారల్ కౌంటీ బ్లూస్’ అనే వాద్యం రికార్డు చేశారు. అది బాగా పేరు తెచ్చుకుంది. పేరులో హర్ట్ కౌంటీయే వుంది, ‘బ్లూస్’ అన్న మాటా వుంది. కాని అది తెల్లవాళ్ల కేటలాగులో చేరింది. హర్ట్ పాడినవాటిలో తెల్లవాళ్ల ఇళ్లలో కూడా పాడుకునే పాత కథాగీతాలున్నాయి. అవి నల్లవాళ్ల కేటలాగులో చేరాయి. డాన్సులో పక్కపక్కన కూచుని వాయించిన ఇద్దరూ దుకాణంలోకి వచ్చేసరికి విడిపోయారు. టీ ఒకటే, గ్లాసులు రెండు. మన హోటళ్ల రెండు గ్లాసుల పద్ధతి తెలిసినవాళ్లకు ఈ రెండు కేటలాగుల పద్ధతి వెంటనే అర్థమవుతుంది. తేడా పాటలో లేదు. పాడినవాడి వొంటిరంగులో వుంది.

ఇంకా విచిత్రం, ఆ తర్వాత వచ్చిన సంగీత పండితులు ఈ కేటలాగులనే చూసి ‘నల్ల సంగీతం ఇది, తెల్ల సంగీతం అది’ అని సిద్ధాంతాలు కట్టారు. వ్యాపారి గీసిన గీతను ప్రకృతి గీసిన గీత అనుకున్నారు.

1929 చివర ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. రికార్డుల అమ్మకాలు కుప్పకూలాయి. హర్ట్‌కు మళ్లీ పిలుపు రాలేదు. ఆయన తన పొలం పనిలో తానుండిపోయాడు.

‘దొరకడం’ వెనక

1952లో హ్యారీ స్మిత్ అనే సేకర్త, పాత గ్రామఫోను ప్లేట్లనుంచి 84 పాటలు ఏరి ఫోక్‌వేస్ కంపెనీ ద్వారా ఒక పెద్ద సంకలనం తెచ్చాడు. అందులో హర్ట్ పాటలు రెండున్నాయి. ‘ఫ్రాంకీ’, ‘స్పైక్ డ్రైవర్ బ్లూస్’. ఉత్తరాది నగరాల్లో చదువుకున్న తెల్ల కుర్రవాళ్లు వాటిని విని మైమరిచిపోయారు. ఈ స్మిత్ ఒక మంచిపని చేశాడు. పాడినవాళ్లు నల్లవాళ్లా తెల్లవాళ్లా అన్నది పుస్తకంలో చెప్పలేదు. రెండు కేటలాగుల గోడ అక్కడ కొంత కూలింది. కాని పాడిన మనిషి బతికున్నాడా, ఎట్లా వున్నాడు అని అడగటానికి ఇంకో పదకొండేళ్లు పట్టింది.

1928లో న్యూయార్క్‌లో రికార్డు చేసిన పాటల్లో ‘అవలాన్ బ్లూస్’ ఒకటి. అందులో హర్ట్ తన వూరి పేరు చెప్పి, దాని మీద బెంగ పెట్టుకున్నాడు. 1963లో హాస్కిన్స్ ఆ పాటను ఆధారం చేసుకుని, పాత అట్లాసులో వూరి పేరు పట్టుకుని, వెతుక్కుంటూ వెళ్లాడు. పాటగాడు తన చిరునామా పాటలోనే చెప్పి పెట్టాడు. చదువుకున్న లోకానికి ఆ చిరునామా చదవడానికి ముప్ఫై అయిదేళ్లు పట్టింది. దీన్ని ‘కనుగొనడం’ అంటున్నాం!

తెల్లవాడు గుమ్మంలోకి వచ్చి తన పేరు అడిగితే హర్ట్ భయపడ్డాడు. పోలీసో ప్రభుత్వ మనిషో అనుకున్నాడు. సంగీత పుస్తకాలు దీన్ని హాస్యంగా చెబుతాయి. అమాయకపు ముసలాయన, కీర్తి తలుపు తడితే పోలీసనుకున్నాడు అని. ఆ నెలలో ఆ చుట్టుపక్కల ఏం జరుగుతోందో చూస్తే ఈ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

అవలాన్‌కు సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో గ్రీన్‌వుడ్ పట్నం వుంది. 1962నుంచి అక్కడ స్నిక్ అనే విద్యార్థి సంఘం నల్లవాళ్ల పేర్లు వోటర్ల జాబితాలో ఎక్కించే వుద్యమం నడుపుతోంది. దానికి కక్షగా ఆ కౌంటీ అధికారులు పేదలకు వచ్చే ప్రభుత్వ ఆహార సరఫరా ఆపేశారు. 1963 ఫిబ్రవరి చివర జిమ్మీ ట్రావిస్ అనే కార్యకర్త మీద కాల్పులు జరిగాయి. మార్చిలో వూరేగింపు మీదికి పోలీసులు కుక్కను వదిలారు. ఆ పక్కనే మనీ అనే వూరి దగ్గరనుంచి 1955లో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాణ్ణి ఎత్తుకుపోయి చంపారు. అలాంటి చోట, అలాంటి రోజుల్లో, కొత్త తెల్లవాడు ఇంటికొచ్చి నువ్వేనా జాన్ హర్ట్‌వి అని అడిగితే భయపడటం అమాయకత్వమా? అది డెబ్భయ్యేళ్ల అనుభవం చెప్పిన తెలివి. దాన్ని హాస్యంగా రాసినవాళ్లకే ఆ వూరి గురించి తెలియదు.

ఇంకో సంగతి. హాస్కిన్స్ వచ్చేనాటికి హర్ట్ దగ్గర గిటారు లేదు. వచ్చినవాడి గిటారు తీసుకుని వాయించి, తానే ఆ జాన్ హర్ట్‌నని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఆయన పాట కలెక్టర్ల అలమరల్లో భద్రంగా వుంది. పాడటానికి ఆయన చేతిలో వాయిద్యం లేదు.

1963 జులై మొదటి వారంలో పీట్ సీగర్, బాబ్ డిలాన్ వుద్యమానికి మద్దతుగా గ్రీన్‌వుడ్ పక్క పొలంలో పాడారు. అదే నెల చివర హర్ట్ ఎక్కడో ఉత్తరాన న్యూపోర్ట్ జానపద వుత్సవంలో వేలమంది ముందు పాడాడు. ఇద్దరినీ తప్పు పట్టాల్సిన పని లేదు. కాని పాటకు, ఆ పాట పుట్టిన నేలకు మధ్య ఎంత దూరం పెరిగిందో ఈ ఒక్క నెల చూస్తే తెలుస్తుంది.

మెత్తని గొంతు, ఆగని బొటనవేలు

న్యూపోర్ట్ శ్రోతలు హర్ట్‌ను చూసి మురిసిపోయారు. ఎంత మంచివాడు, ఎంత శాంతం, ఎంత దయ అన్నారు. పత్రికలు ఆయన్ని ఒక సాధువును చేశాయి. నల్లవాళ్లు వీధుల్లోకి వచ్చి హక్కులు అడుగుతున్న ఆ ఏళ్లలో, కోపం లేని నల్ల తాతయ్య దొరకడం కొందరికి హాయిగా అనిపించి వుంటుంది. మరోవైపు, కోపమే కొలబద్ద అనుకునేవాళ్లు ఈ పాటలో పోరాటం లేదని పక్కన పెడతారు. పైకి ఈ రెండూ ఎదురెదురు అభిప్రాయాలు. నిజానికి రెండూ ఒకటే. ఇద్దరూ గొంతునే విన్నారు, పాటను వినలేదు.

‘స్పైక్ డ్రైవర్ బ్లూస్’ తీసుకుందాం. జాన్ హెన్రీ కథ అమెరికాలో అందరికీ తెలుసు. కొండ తొలిచే నల్ల కూలి, యంత్రంతో పోటీపడి గెలిచి, సుత్తి చేతిలో వుండగానే ప్రాణం వదులుతాడు. తెల్లవాళ్లు కూడా ఇష్టంగా పాడుకునే వీరగాథ. హర్ట్ కొన్ని నెలలు రైలు పట్టాల పని చేశాడు. అక్కడి తోటి కూలి దగ్గర ఈ పాట నేర్చుకున్నానని చెప్పాడు. ఆయన పాటలో కూలి పోటీకి దిగడు. ఈ సుత్తి జాన్ హెన్రీని చంపింది, నన్ను మాత్రం చంపలేదు అంటాడు. సుత్తి అప్పగించి, నేను పోతున్నానని కెప్టెన్‌కు చెప్పమని నడిచి వెళ్లిపోతాడు. అరుపు లేదు, శాపం లేదు. పని మానేసిన మనిషి అడుగుల చప్పుడులాగా బొటనవేలు తాళం వేస్తూనే వుంటుంది.

నాకు తెలిసి ఇంత గట్టి ధిక్కారం తక్కువ పాటల్లో వుంది. దొర పని కోసం చచ్చి వీరుడనిపించుకోవడం కంటె, బతికి, పని వదిలి పోవడమే మేలని కూలివాడు తేల్చుకున్నాడు. మన చావును కీర్తించే పాటలు రాసేవాళ్లు ఎప్పుడూ వున్నారు. మన బతుకును కోరే పాట మనమే కట్టుకోవాలి.

‘స్టాక్ ఓ లీ’ పాటలో చూడండి. 1895లో సెయింట్ లూయిస్‌లో జరిగిన హత్య నుంచి పుట్టిన కథ. హర్ట్ మొదలుపెట్టడమే పోలీసు అధికారిని ప్రశ్నించడంతో మొదలుపెడతాడు. అందరినీ పట్టుకుంటావు, ఇతణ్ణి ఎందుకు పట్టుకోవు అని. అదే మెత్తని గొంతుతోనే. ‘లూయిస్ కాలిన్స్’లో చనిపోయిన యువకుడి తల్లి ఏడుపు వుంది. చంపినవాళ్ల మీద వాఖ్యానం లేదు. వూరంతా కలిసి ఒకణ్ణి సాగనంపుతున్నట్టు వుంటుంది. చావు ఇంటి దగ్గర మన పెద్దవాళ్లు ఇట్లాగే మాట్లాడతారు, గొంతు తగ్గించి.

ఇదంతా చూస్తే మన విమర్శకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. దళిత సాహిత్యం అంటే గాయం, ఆగ్రహం అని మనమే ఒక కొలత పెట్టుకున్నాం. అది అవసరమైన కాలంలో పెట్టుకున్నాం, తప్పు కాదు. కాని ఆ కొలతతోనే చూస్తే నాట్లేసేటప్పుడు మన అమ్మలు పాడే సరసాల పాటలు ఏం కావాలి? పెళ్లిలో వియ్యంకుల మీద కట్టే వెక్కిరింతలు ఏం కావాలి? డప్పు దరువులో వున్న సంతోషం ఏం కావాలి? దుఃఖం ఒక్కటే మన ఆస్తి అని ఎవరన్నారు? వారమంతా దొర చేలో వొంచిన నడుము శనివారం రాత్రి తనకోసం ఆడితే, అది కూడా ఒక హక్కును తీసుకోవడమే.

ఇట్లా అంటే, చాకిరీని మరిపించే పాటను పొగుడుతున్నావని కొందరు మిత్రులు అడగొచ్చు. అడగాల్సిందే. అందుకే పాటను కూలి లెక్కనుంచి విడదీసి చూడొద్దంటున్నాను. పాటకు 20 డాలర్లు అన్న లెక్క, రెండు కేటలాగుల గోడ, కోర్టు హాల్లో కాల్పులు, ఇవన్నీ పక్కన పెట్టి హర్ట్ పాట వింటే అది హాయి పాటే. అవి తెలిసి వింటే ఆ హాయి ఎంత కష్టపడి సంపాదించుకున్నదో అర్థమవుతుంది.

చివరి మూడేళ్లు, ఆ తర్వాత

1963 తర్వాత హర్ట్ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం పాడాడు, కాఫీ హోటళ్లలో పాడాడు, కాలేజీల్లో పాడాడు. 1966లో వాన్‌గార్డ్ కంపెనీ ఆయన ‘టుడే!’ అనే ఆల్బం తెచ్చింది. 2009లో దాన్ని అమెరికా జాతీయ రికార్డుల పట్టికలో చేర్చారు. కనుగొన్నవాళ్లు ఆయనతో ఒప్పందాలు రాయించుకున్నారు. ఆయన రికార్డుల హక్కుల మీద తగాదాలు ఆయన చనిపోయాక కూడా కోర్టుల్లో నడిచాయి. 1928లో కంపెనీ, 1963లో అభిమానులు. మొదటివాళ్లకు ప్రేమ లేదు, రెండోవాళ్లకు వుంది. కాని కాగితం మీద సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రేమ ఆయన్ని తగాదాలనుంచి కాపాడలేకపోయింది.

ఆయన 1966 నవంబరు 2న మిసిసిపీలోని గ్రెనడాలో చనిపోయాడు. ఆ ఏడాది సెప్టెంబరులోనే అదే గ్రెనడాలో, తెల్లవాళ్ల బడిలో చేరిన నల్ల పిల్లల్ని తెల్లమూకలు గొలుసులతో, కర్రలతో కొట్టాయి. ఆయన సంగీతం మీద రాసినవాళ్లలో ఎంతమంది ఈ రెండు సంగతుల్ని పక్కపక్కన పెట్టి చూశారు?

ఆయన వుండిన చిన్న ఇంటిని మనవరాలు మ్యూజియంగా కాపాడుతూ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో అది కాలిపోయింది. పాటలు మాత్రం ప్రపంచమంతా వున్నాయి.

మన దగ్గర కూడా పాటలు సేకరించేవాళ్లు, పరిశోధన చేసే విద్యార్థులు పల్లెలకు పోతున్నారు. వెనక టేపు రికార్డరు, ఇప్పుడు ఫోను. పుస్తకం అట్ట మీద సేకర్త పేరు పెద్దక్షరాల్లో వుంటుంది, పాడిన అవ్వ పేరు లోపలెక్కడో వుంటుంది, లేదా ‘జానపదం’ అన్న ఒక్క మాటలో కలిసిపోతుంది. కొన్నాళ్లకు ఎవరో వచ్చి ఆమెను ‘కనుగొంటారు’. ఈ పని మానుకోవడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. నోటుపుస్తకంలో మొదటి వరసలో పాడినవాళ్ల పేరు, వూరు, వాడ, వాళ్లు చేసే పని రాయాలి. డబ్బు వస్తే వాళ్ల వాటా ముందే మాట్లాడాలి. రికార్డు చేసిన పాట కాపీ ఒకటి ఆ వాడలోనే వుండాలి. మళ్లీ వెళ్లి, ఎట్లా వున్నారని అడగాలి. ముప్ఫై అయిదేళ్లు ఆగకుండా అడగాలి.